మాస్టారి జవాబులు: నీళ్లు పోస్తే బండి నడుస్తుందా?

పోయిన సంచికలో ఒక పాఠకుడు ‘ఇంధనం లేకుండా కరెంటు పుట్టించే యంత్రం ఉందట, నిజమేనా?’ అని అడిగితే, ‘లేదు, ఉండదు’ అని రెండు ముక్కల్లో రాసి ఊరుకున్నాను. అలా రాయకుండా ఉండాల్సింది. ఆ రెండు ముక్కలకు వచ్చిన ఉత్తరాలతో నా బల్ల నిండిపోయింది. కొందరు వివరంగా చెప్పమన్నారు, ఎక్కువమంది తిట్టారు. ముప్పై ఒక్క ఏళ్లు పాలిటెక్నిక్‌లో మోటార్లు, జనరేటర్ల ల్యాబ్ చూసుకున్నవాణ్ని. ‘మోటారు కాలిపోయింది, మీదే తప్పు’ అనే మాట చాలాసార్లు విన్నాను కాబట్టి తిట్లకు టెన్షన్ పడను. ఈసారి జాగా అంతా ఈ ఉత్తరాలకే.

ప్రశ్న: మా బావమరిది ఒక వీడియో చూపించాడు. గాజు సీసాలో నీళ్లు, అందులో రెండు స్టీలు ప్లేట్లు, వాటికి బ్యాటరీ. బుడగలు వస్తున్నాయి. గొట్టం చివర అగ్గిపుల్ల చూపిస్తే భగ్గుమంది. కళ్లెదుట నీళ్లు మండుతుంటే అది ఇంధనం కాదని ఎలా అంటారు?

మండిన మాట నిజమే. మీ బావమరిది మోసపోలేదు, చూసినదానికి అర్థం తప్పుగా చెప్పుకున్నాడు, అంతే. ఇంగ్లండ్‌లో నికల్సన్, కార్లైల్ అనే ఇద్దరు 1800లోనే ఈ పని చేశారు. మండింది నీళ్లు కాదు, నీళ్లను విడగొడితే వచ్చిన హైడ్రోజన్. విడగొట్టింది బ్యాటరీ. వీడియోలో అందరూ మంట వైపు చూస్తారు, బ్యాటరీ వైపు ఎవరూ చూడరు.

కట్టె కాలితే బూడిద మిగులుతుంది. హైడ్రోజన్ కాలితే నీళ్లు మిగులుతాయి. అంటే నీళ్లు హైడ్రోజన్ తాలూకు బూడిద. అందుకే నీళ్లు ఇక మండవు. ఆ బూడిదను మళ్లీ కట్టెగా మార్చాలంటే, కాలినప్పుడు పోయిన వేడినంతా తిరిగి లోపలికి పెట్టాలి.

ఎంత పెట్టాలి? ఒక లీటరు నీళ్లను పూర్తిగా విడగొట్టడానికి సుమారు 4.4 యూనిట్ల శక్తి కావాలి. 111 గ్రాముల హైడ్రోజన్ వస్తుంది. దాన్ని మళ్లీ కాల్చి, పుట్టిన ఆవిరి చల్లబడి నీళ్లయ్యేదాకా వచ్చిన వేడిని చుక్క వదలకుండా పట్టుకున్నా తిరిగి వచ్చేది ఆ 4.4 యూనిట్లే. పైసా నష్టం లేని యంత్రాలు దొరికితే పరిస్థితి ఇది. వాస్తవంలో విడగొట్టే పరికరానికే ఐదున్నర, ఆరు యూనిట్లు పోతాయి. వచ్చిన హైడ్రోజన్‌ను ఇంజన్‌లో కాలిస్తే చక్రాలకు చేరేది సుమారు ఒక యూనిట్. ఆరు పోసి ఒకటి తీసుకోవడాన్ని ఇంధనం అనలేం.

‘మాది మామూలు విద్యుద్విశ్లేషణ (కరెంటుతో నీళ్లను విడగొట్టడం) కాదు, ప్రత్యేకమైన ఫ్రీక్వెన్సీ, ప్రత్యేకమైన ఉత్ప్రేరకం’ అని ఈ యంత్రాలు చూపించేవాళ్లు అంటారు. ఉత్ప్రేరకం చేసేది దారిలో ముళ్లు తీయడం. ఏ దారిన ఎక్కినా కొండ ఎత్తు అంతే. 2007లో అమెరికాలో జాన్ కాన్జియస్ అనే ఆయన రేడియో తరంగాలు పంపి ఉప్పునీళ్లను మండించాడు. అది అబద్ధం కాదు, శాస్త్రవేత్తలు కూడా చేసి చూశారు. కానీ మంట నుంచి వచ్చినదానికంటే రేడియో యంత్రం మింగింది ఎక్కువ.

బ్యాటరీ కూడా కనిపించకుండా నీళ్లలో పొడి వేస్తే గ్యాసు వచ్చే వీడియోలు ఇంకో రకం. నీళ్లలో కాల్షియం కార్బైడ్ వేస్తే ఎసిటిలీన్ వస్తుంది, బాగా మండుతుంది. పాతకాలపు కార్బైడ్ దీపాలు అలాగే వెలిగేవి. ఇక్కడ ఇంధనం కార్బైడ్. దాన్ని తయారుచేయడానికి కరెంటు కొలిమిలో సున్నాన్నీ బొగ్గునూ సుమారు 2000 డిగ్రీలకు కాల్చాలి. ఆ బిల్లు వీడియోలో కనిపించదు.

ప్రశ్న: మీ లెక్కలు పుస్తకాల్లో పెట్టుకోండి. నా కారుకి హెచ్‌హెచ్‌ఓ కిట్ (నీళ్లను విడగొట్టి ఆ గ్యాసును ఇంజన్‌కి పంపేది) బిగించాక మైలేజీ 14 నుంచి 17కి పెరిగింది. పెట్రోలు మానేయమనట్లేదు కదా, పెట్రోలుకి తోడుగా కాస్త నీటి గ్యాసు. దీనికేం అంటారు?

మీరు కోపంగా రాసినా అంకెలతో రాశారు, అందుకు సంతోషం. నేనూ అంకెలతోనే వస్తాను.

మీ కిట్ 20 ఆంపియర్లు తీసుకుంటుందనుకుందాం, లోపల వరుసగా ఆరు సెల్స్ (నీళ్లను విడగొట్టే ప్లేట్ల జతలు) ఉన్నాయనుకుందాం. ఫారడే నియమం ప్రకారం గంటకు వచ్చే హైడ్రోజన్ నాలుగున్నర గ్రాములు. అందులో ఉన్న శక్తి సుమారు 17 మిల్లీలీటర్ల పెట్రోలుతో సమానం. ఒక చిన్న దగ్గు మందు మూతంత. ఇప్పుడు ఆ 20 ఆంపియర్లు ఎక్కడివి? బ్యాటరీవి. బ్యాటరీని నింపేది ఆల్టర్నేటర్, దాన్ని తిప్పేది ఇంజన్, ఇంజన్‌ను నడిపేది పెట్రోలు. 13.8 వోల్టుల దగ్గర 20 ఆంపియర్లంటే 276 వాట్లు. ఆల్టర్నేటర్ నూటికి అరవై పాళ్లు, ఇంజన్ నూటికి పాతిక పాళ్లు పనికొస్తాయని వేసుకుంటే గంటకు ఖర్చయ్యే పెట్రోలు సుమారు 200 మిల్లీలీటర్లు. రెండు వందలు తాగి పదిహేడు కక్కుతోంది మీ కిట్.

మరి మైలేజీ ఎందుకు పెరిగింది? కిట్ బిగించేటప్పుడు ప్లగ్గులు శుభ్రం చేశారా? ఎయిర్ ఫిల్టర్ మార్చారా? టైర్లలో గాలి చూశారా? కొన్ని కిట్లతో పాటు ఒక చిన్న ఎలక్ట్రానిక్ పెట్టె ఇస్తారు. అది ఆక్సిజన్ సెన్సర్‌ను బోల్తా కొట్టించి ఇంజన్‌కి పెట్రోలు తగ్గిస్తుంది. మైలేజీ పెరిగితే దాని వల్ల పెరగవచ్చు, దాంతో పాటు ఇంజన్ వేడెక్కే ప్రమాదమూ పెరుగుతుంది. వీటన్నిటికంటే పెద్ద కారణం మీ కుడికాలు. మైలేజీ చూద్దామనుకుని నడిపేవాడు యాక్సిలరేటర్‌ను మెత్తగా తొక్కుతాడు. నేనూ తొక్కుతాను.

ఒక పని చేయండి. కిట్ స్విచ్ మీకు కనబడని చోట పెట్టించి, ఇంట్లో వాళ్లలో ఒకరికి అప్పగించండి. ప్రతి ట్యాంకుకీ వాళ్లు బొమ్మా బొరుసూ వేసి స్విచ్ వేయాలో తీయాలో తేల్చుకోవాలి, మీకు చెప్పకూడదు, ఒక కాగితం మీద రాసుకోవాలి. మీరు ఎప్పట్లా నడుపుతూ ప్రతిసారీ ట్యాంకు నిండా పట్టించి లీటర్లూ కిలోమీటర్లూ రాయండి. పది ట్యాంకులయ్యాక రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూడండి. ఫలితం ఏదైనా సరే నాకు రాయండి, అచ్చు వేయిస్తాను.

ఇంజన్‌లోకి నీళ్లు పంపడం అనేది పూర్తిగా కల్పన మాత్రం కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో కొన్ని యుద్ధ విమానాల ఇంజన్లలోకి నీళ్లు చిమ్మేవారు. అవి ఇంధనంగా కాదు, లోపల వేడి తగ్గించి, నాకింగ్ (ఇంధనం తనంతట తాను అంటుకుని ఇంజన్ కొట్టుకోవడం) లేకుండా ఇంజన్‌ను ఇంకా గట్టిగా వాడుకోవడానికి. ఈ సంగతి సగం విన్నవాళ్ల నోట అది ‘నీళ్లతో ఎగిరిన విమానం’ అయింది.

ప్రశ్న: సార్, నేను డిగ్రీ రెండో ఏడాది. అయస్కాంతాలు ఒకదాన్నొకటి తోసుకుంటాయి కదా. వాటిని చక్రం చుట్టూ వాలుగా అమరిస్తే ఎప్పటికీ తిరుగుతూ ఉండాలి. భాస్కరాచార్యుడే ఇలాంటి చక్రం గురించి రాశాడట!

రాశాడు. 1150 నాటి సిద్ధాంత శిరోమణిలో, బోలు ఆకుల్లో సగం దాకా పాదరసం పోసిన చక్రం ఉంది. ఒకవైపు పాదరసం అంచుకు జారుతుంది, ఇంకోవైపు ఇరుసు దగ్గరికి జారుతుంది, కాబట్టి ఒక పక్క ఎప్పుడూ బరువెక్కువ అని ఆలోచన. పదమూడో శతాబ్దంలో ఫ్రాన్స్‌కు చెందిన విల్లార్ ద ఓన్‌కూర్ సుత్తులు వేలాడదీసిన చక్రం బొమ్మ గీశాడు. భాస్కరుడు ఎంత గొప్ప గణితజ్ఞుడైనా ఆ చక్రం తిరగదు. అంచుకు జరిగిన బరువులు దూరంగా ఉన్నా తక్కువ ఉంటాయి, ఇరుసు వైపు జరిగినవి దగ్గరగా ఉన్నా ఎక్కువ ఉంటాయి. తూకం సరిపోతుంది, చక్రం ఆగుతుంది.

అయస్కాంతం సంగతీ అంతే. దగ్గరికి లాక్కునేటప్పుడు ఎంత ఇస్తుందో, విడిపించుకుని పోయేటప్పుడు అంత వసూలు చేస్తుంది. ఒక చుట్టు పూర్తయ్యేసరికి జమా ఖర్చూ సున్నా, బేరింగుల రాపిడి అదనపు ఖర్చు. అట్టముక్క మీద అమర్చి చూడు బాబూ, ఎక్కడో ఒకచోట చక్రం మొండికేస్తుంది. ఆ చోటును వేలితో దాటించి వీడియో తీసేవాళ్లున్నారు.

ప్రశ్న: మాస్టారూ, ఒక పెద్దమనిషి ఫ్లైవీల్ (బరువైన చక్రం) జనరేటర్ కంపెనీ పెడుతున్నాడు. ఒకసారి తిప్పి వదిలితే మళ్లీ కరెంటు అక్కర్లేదట. మా ఆయన వెళ్లి కళ్లారా చూసి వచ్చారు, బల్బులు వెలిగాయట. మా పొదుపు డబ్బంతా పెడతానంటున్నారు. ఆపాలా?

ఆపండి. సంతకం పెట్టే లోపు ఈ జవాబు ఆయనకు చూపించండి.

నన్నూ ఒకసారి ఇలాంటి ప్రదర్శనకు పిలిచారు. మీటరు వెడల్పు ఇనుప చక్రం, వంద కిలోలు ఉంటుంది. మొదట మెయిన్ లైను మీద మోటారు పెట్టి నిమిషానికి 1500 చుట్ల వేగం రానిచ్చారు. తర్వాత అందరి ముందూ ప్లగ్గు పీకి గాల్లో చూపించారు. వంద వాట్ల బల్బు వెలుగుతూనే ఉంది. చప్పట్లు. పది నిమిషాలయ్యాక ‘రండి, లోపల కూర్చుని మాట్లాడుకుందాం’ అన్నారు. అందరూ లోపలికి వెళ్లారు. నేను చెప్పు తెగినట్టు వంగి అక్కడే ఉండిపోయాను. పద్నాలుగో నిమిషానికి బల్బు ఎర్రబడింది.

అంత బరువు చక్రం అంత వేగంతో తిరుగుతుంటే అందులో నిల్వ ఉండే శక్తి లెక్కకడితే సుమారు 154 కిలోజౌళ్లు. ఒక్క నష్టం కూడా లేకపోతే వంద వాట్ల బల్బు పాతిక నిమిషాలు వెలుగుతుంది. గాలి, బేరింగులు వాటి వాటా తీసుకుంటే అందులో సగం. పాతిక నిమిషాలు దాటే ప్రదర్శన వాళ్లు ఎందుకు పెట్టరో మీకే అర్థమవుతుంది. అది ఫ్రీ ఎనర్జీ కాదు, పావుగంట క్రితం మెయిన్ లైను నుంచి తీసుకున్న అప్పు.

కాబట్టి ఎంత వెలుగు అని కాదు, ఎంతసేపు అని అడగాలి. నేను వాడే కొలత ఇది: యంత్రం బరువంతా బ్యాటరీయే అనుకోండి. 12 వోల్టులు, 100 ఆంపియర్ అవర్స్ బ్యాటరీ బరువు సుమారు 30 కిలోలు, అందులో 1.2 యూనిట్లు పడతాయి. వంద వాట్ల బల్బు పన్నెండు గంటలు వెలుగుతుంది. అంత బరువున్న పెట్టె పూట మొత్తం బల్బు వెలిగించినా ఏమీ రుజువు కాలేదన్నమాట. దానికి పది రెట్లు సేపు, అంటే ఐదు రోజులు, మీ గదిలో, మీ తాళం వేసి నడపమనండి. ఒప్పుకోరు. ‘రహస్యం బయటపడుతుంది’ అంటారు. పెట్టె తెరవక్కర్లేదని చెప్పండి, అప్పుడూ ఒప్పుకోరు.

మీటర్లను నమ్మొద్దు. ఏసీలో వోల్టులూ ఆంపియర్లూ విడివిడిగా కొలిచి గుణించి ‘ఇదిగో వాట్లు’ అంటారు. మధ్యలో కెపాసిటరో కాయిలో ఉంటే ఆ గుణకారం తప్పు, లేని వాట్లు కనిపిస్తాయి. కరెంటు ముక్కలుముక్కలుగా పోతుంటే మామూలు మీటరు ఇంకా పెద్ద అబద్ధం చెబుతుంది. వచ్చే కరెంటుతో బకెట్ నీళ్లలో హీటర్ పెట్టించి థర్మామీటరుతో చూడటం నయం. కరెంటు ఏ రూపంలో వచ్చినా బకెట్‌కు గొడవ లేదు, వచ్చిన వేడే చెబుతుంది.

ఈ తరహా ప్రదర్శనకు పాత చరిత్ర ఉంది. 1813లో న్యూయార్క్‌లో చార్లెస్ రెడ్‌హెఫర్ అనేవాడు ఆగని యంత్రం పెట్టి టిక్కెట్టు వసూలు చేశాడు. ఆవిరి పడవల రాబర్ట్ ఫుల్టన్ చూడటానికి వెళ్లి, దాని చప్పుడు ఒక లయగా లేదని, ఎవరో చేత్తో తిప్పుతున్నట్టు హెచ్చుతగ్గులుందని గమనించాడు. పక్కన చెక్కలు ఊడబీకితే జంతువు పేగుతో చేసిన ఒక బెల్టు గోడలోంచి పైకి పోతోంది. దాని వెంట వెళ్తే అటకగదిలో ఒక ముసలాయన కూర్చుని పిడి తిప్పుతున్నాడు. మీటరు కాదు, చెవి పట్టింది ఆ దొంగతనాన్ని. అందుకే నాకు ఫుల్టన్ అంటే గౌరవం.

ప్రశ్న: స్టాన్లీ మేయర్ నీళ్లతో కారు నడిపాడు. పేటెంట్లు కూడా ఉన్నాయి. ఆయిల్ కంపెనీలు విషం పెట్టి చంపించాయి. ఈ నిజం రాసే ధైర్యం మీకుందా?

నిజం రాయడానికే కూర్చున్నాను. అమెరికాలోని ఒహాయో రాష్ట్రం మేయర్‌ది. 22 గ్యాలన్ల నీళ్లతో, అంటే సుమారు 83 లీటర్లతో, లాస్ ఏంజెలెస్ నుంచి న్యూయార్క్ దాకా పోవచ్చన్నాడు. డబ్బు పెట్టిన ఇద్దరు అతని మీద దావా వేశారు. కోర్టులో సాక్ష్యం చెప్పిన నిపుణులు నీళ్లను విడగొట్టే అతని సెల్‌ను చూసి, ఇది మామూలు విద్యుద్విశ్లేషణే, ఇందులో కొత్తదనం ఏమీ లేదన్నారు. 1996లో కోర్టు దాన్ని ఘోరమైన మోసంగా తేల్చి 25,000 డాలర్లు తిరిగి ఇమ్మంది. 1998 మార్చిలో ఒక హోటల్లో కూర్చుని ఉండగా, తనకు విషం పెట్టారంటూ పడిపోయి చనిపోయాడు. శవపరీక్షలో తేలింది మెదడులో రక్తనాళం ఉబ్బి చిట్లిందని.

మీరు శవపరీక్షను నమ్మరు, సరే. పేటెంట్ల గురించి ఆలోచించండి. పేటెంట్ అంటే తయారీ విధానాన్ని లోకానికి చెప్పేయడం. మేయర్ పేటెంట్ల గడువు ఎప్పుడో తీరిపోయింది. ఎవరైనా, ఎవరి అనుమతీ లేకుండా చేసుకోవచ్చు. చమురు కోసం ఇతర దేశాల ముందు చేయి చాచే దేశాలు ఎన్ని లేవు? వాటిలో ఒక్కటి కూడా ఎందుకు చేయలేదు? వాటిని కూడా ఆయిల్ కంపెనీలు ఆపుతున్నాయంటే, ఇక నేను ఏ సాక్ష్యం చూపినా అది మీకు కుట్రలో భాగమే అవుతుంది.

పేటెంట్ ఉంటే యంత్రం పనిచేసినట్టు కాదని కూడా గుర్తుంచుకోవాలి. పేటెంట్ ఆఫీసు సాధారణంగా యంత్రాన్ని నడిపి చూడదు. అందుకే ఆగని యంత్రం అంటే అమెరికాలో పనిచేసే నమూనా తెమ్మంటారు. మన 1970 పేటెంట్ల చట్టం మూడో సెక్షన్‌లోనైతే స్థిరపడిన ప్రకృతి నియమాలకు స్పష్టంగా విరుద్ధమైనదాన్ని ఆవిష్కరణగా లెక్కించనే కూడదని ఉంది. ‘పేటెంట్‌కు అప్లై చేశాం’ అనే మాట చూపించి డబ్బు అడిగితే, అప్లికేషన్ ఎవరైనా పెట్టొచ్చని తెలుసుకోండి.

మేయర్ ఒక్కడే కాదు. ఫిలిప్పీన్స్‌లో డేనియల్ డింగెల్ నీళ్ల కారు చూపించి, చివరికి 82 ఏళ్ల వయసులో 2008లో మోసం కేసులో దోషిగా తేలాడు. మన దగ్గర రామర్ పిళ్లై 1996లో మూలికలతో నీళ్లను పెట్రోలు చేస్తానని దేశమంతా పేరు తెచ్చుకున్నాడు. పెట్రోలియం రసాయనాలు కలిపి మూలికా ఇంధనం పేరుతో అమ్మారన్నది అతని మీద కేసు. 2016లో చెన్నై కోర్టు మూడేళ్ల శిక్ష వేసింది.

ప్రశ్న: రైట్ సోదరులను కూడా మీలాంటి మేధావులు ఎగతాళి చేశారు. చరిత్ర మిమ్మల్ని క్షమించదు.

గాల్లో ఎగరడం ప్రకృతికి విరుద్ధం కాదు, పక్షులు రోజూ ఎగురుతూనే ఉన్నాయి. రైట్ సోదరులను నమ్మనివాళ్లు ఉన్నమాట నిజం, ముఖ్యంగా ఫ్రాన్స్‌లో. 1908 ఆగస్టులో విల్బర్ రైట్ ల మాన్ పట్టణం దగ్గర అందరి ముందూ రెండు నిమిషాల లోపు ఎగిరి దిగాడు. అంతే, నోళ్లు మూతపడ్డాయి, కొందరు క్షమాపణ కూడా చెప్పారు.

ఇప్పుడు ఇటు చూడండి. ఐర్లండ్‌లో స్టీయోర్న్ అనే కంపెనీ 2006లో పత్రికలో పెద్ద ప్రకటన వేసి, మా అయస్కాంత యంత్రాన్ని పరీక్షించండని శాస్త్రవేత్తలకే సవాలు విసిరింది. 2007లో లండన్‌లో ప్రదర్శన పెట్టి, దీపాల వేడికి యంత్రం పాడైందని రద్దు చేసుకుంది. 22 మంది నిపుణుల జ్యూరీ 2009లో, శక్తి పుట్టినట్టు ఏ ఆధారమూ చూపలేదని ఒక్క గొంతుతో చెప్పింది. ఫ్రెంచి సైన్స్ అకాడమీ అయితే 1775లోనే ఆగని యంత్రాల దరఖాస్తులు ఇక చూడబోమని చెప్పేసింది. దాన్ని మీరు అహంకారం అంటారు. అన్ని దరఖాస్తులు చూసిన విసుగు అని నేనంటాను.

ప్రశ్న: జలవిద్యుత్ కేంద్రాల్లో నీళ్ల నుంచి కరెంటు తీస్తున్నారు కదా? మరి అది?

ఆ నీళ్లను కొండ మీదికి ఎత్తింది సూర్యుడు. కిందపడేటప్పుడు మనం కూలి తీసుకుంటున్నాం. పడిన నీళ్లను అదే కరెంటుతో పైకి తోడి మళ్లీ పడేసి చూడండి, చెరువు అడుగు కనిపిస్తుంది.

ప్రశ్న: తాతగారూ, ఎక్స్‌టెన్షన్ బోర్డు ప్లగ్గును అదే బోర్డులో పెడితే ఏమవుతుంది? (ఆరో తరగతి)

బోర్డు ఖాళీగా కూర్చుంటుంది నాన్నా. ఒక్క పేరాతో పోయేదానికి నేను ఇన్ని పేజీలు రాశాను.

ప్రశ్న: మాస్టారూ, మా అబ్బాయి ఆరు నెలలుగా గదిలోంచి రావట్లేదు. సీసాలు, ప్లేట్లు, వైర్లు. నీళ్లతో నడిచే ఇంజన్ కనిపెడతానంటాడు. కాలేజీ మానేశాడు. నవ్వితే కోపం, ఏడిస్తే ఇంకా కోపం. ఎలా చెప్పను?

నవ్వకండమ్మా. ఇరవై రెండేళ్ల వయసులో నేనూ ఇదే చేశాను. మోటారునూ డైనమోనూ బెల్టుతో కలిపి, డైనమో కరెంటునే మోటారుకు ఇస్తే ఇక ఆగదనుకున్నాను. ఆగింది. బెల్టు మార్చాను, బేరింగులు మార్చాను. మా గురువుగారు చూసి ‘ఇది జరగదు’ అనలేదు. రెండు వాట్ మీటర్లూ ఒక నోటుపుస్తకమూ ఇచ్చి, ‘లోపలికి ఎంత పోయింది, బయటికి ఎంత వచ్చింది, అరగంటకోసారి రాయి’ అన్నారు. పదకొండు పేజీలు రాశాను. నూరు పోస్తే అరవై నాలుగు, అరవై ఆరు, అరవై ఐదు. ఎంత శుభ్రం చేసినా డెబ్బై దాటలేదు. మిగతా ముప్పై ఐదూ ఎక్కడికి పోతున్నాయని వెతకడం మొదలుపెట్టాక ఆ వెతుకులాటే నా ఉద్యోగమైంది. మీ అబ్బాయికీ ఒక మీటరు, ఒక పుస్తకం కొనివ్వండి. పుస్తకంలో రెండే గడులు గీయమనండి. గీసిన పేజీ ఫొటో తీసి నాకు పంపమనండి, జవాబు రాస్తాను.

అయితే దానికంటే ముందు, ఈ ఉత్తరం చదివిన పూటే ఒక విషయం కనుక్కోండి. రెండు ప్లేట్ల గ్యాసునూ ఒకే సీసాలో పడుతున్నాడా? అలా అయితే అందులో హైడ్రోజన్, ఆక్సిజన్ సరిగ్గా పేలడానికి కావాల్సిన పాళ్లలో కలిసి ఉంటాయి. ఆ సీసాకు మూత బిగించకూడదు, నిల్వ చేయకూడదు, దగ్గర స్విచ్ కూడా వేయకూడదు. ముందు కిటికీలు తెరిపించండి. బ్యాటరీ వైరు మాత్రం వాణ్నే తీయమనండి, సీసాకు దూరంగా ఉన్న కొస నుంచి.